ఉడకని కందిపప్పు

మా అపార్ట్‌మెంటు గోడకు పోయిన నెల ఒక కొత్త గొట్టం తగిలించారు. మిద్దె మీదనుంచి కింద కార్లు ఆపుకునే చోటుదాకా తెల్లటి ప్లాస్టిక్ గొట్టం. అది దిగినచోట చదరంగా ఒక సిమెంటు తొట్టి, దానిమీద చిల్లులున్న మూత, మూతకు నీలిరంగు. పక్కన గోడమీద వాననీటి సేకరణ అని అరవంలో రాయించారు. పట్నంలో ఈ చూలై పేటలో మా సందు మొత్తం వెతికినా అంత అందమైన అక్షరాలు ఇంకెక్కడా కనపడవు. అక్షరాలు మరీ అందంగా ఉంటే నాకు అనుమానం. అది నా పాత జబ్బు.

పొద్దున పాలకు దిగినప్పుడు వంగి ఆ మూత ఎత్తి చూశాను. మోకాటిలోతు లేదు. అడుగున నున్నగా సిమెంటు పూత. గొట్టంలో వచ్చిన నీళ్లు భూమిలోకి ఇంకడానికి సూదిమొన మోపినంత సందు లేదు. పై అంచున మాత్రం ఒక రంధ్రం ఉంది, తొట్టి నిండితే వీధి కాలువలోకి పోవడానికి.

"ఏం చూస్తా ఉండారు తాతా?" అన్నాడు వాచ్‌మన్.

"దీనికి అడుగు ఎందుకు పూశారయ్యా?"

"ఫొటోలో నీట్‌గా ఉండాలని చెప్పినారు తాతా. కార్పొరేషన్ ఆఫీసునుంచి చూసేదానికి వస్తారంట."

ఆ సాయంత్రమే మా సంఘం సెక్రటరీ కాగితం పట్టుకుని తలుపు తట్టాడు. మంచివాడే. వాళ్లదీ మాలాగే తరాల కిందట నెల్లూరు వైపునుంచి వచ్చిన కుటుంబం. పక్కపేట పురసవాక్కంలో బట్టలకొట్టు ఉంది.

"సుమ్మా, ఊరికే ఒక సంతకం తాతా. ఇళ్లోళ్లందరూ పెట్టేసినారు. మీరొక్కరే మిగిలినారు."

"చదివి పెడతాను."

"చదివేదానికి ఏముంది తాతా? వాననీళ్ల వసతి ఉందని రాసుంది, అంతే."

"ఉందా?"

"కాగితంలో ఉంది గదా!" అని తన మాటకు తనే నవ్వాడు.

రెండు రోజులు ఆగమని చెప్పి పంపేశాను. ఉంది అని రాయడానికి వీళ్లు లేని తొట్టి కట్టారు. లేదు అని రాయడానికి ఉన్న తొట్టిని పగలగొట్టిన ఊరు ఒకటి నాకు తెలుసు. పగలగొట్టిన చేతులు ఇవిగో, నావే.

మా ఊరు పట్నానికి ఉత్తరాన, ఉప్పుటేటి ఒడ్డున ఉండేది. పేరు చెప్పను. చెప్పినా ఇప్పుడు ఆ పేరుతో ఉన్నవి గోడౌన్లు, వాటిముందు బారుతీరిన లారీలు. చుట్టూ అరవదేశం, నడుమ మావి ముప్పైకి లోపు తెలుగు గడపలు. ఎప్పుడొచ్చామో, ఎందుకొచ్చామో చెప్పగలిగినవాళ్లు అప్పటికే లేరు.

ఊళ్లో మూడు బావులు. మూడూ ఉప్పే. స్నానం చేసి ఆరితే చర్మం మీద తెల్లగా పొర కట్టేది. సీకాయ రుద్దితే నురగ రాదు, జుట్టు కొబ్బరిపీచయ్యేది. ఆ నీళ్లలో కందిపప్పు వేశారా, పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా పుల్లలు తగలెయ్యవలసిందే, గింజ గింజగానే ఉండేది. చెప్పినమాట వినని పిల్లల్ని మా ఊళ్లో బావినీళ్ల పప్పు అని తిట్టేవారు. ఆ తిట్టు రోజుకొకసారి నాకు ఖాయం.

తిట్టేది మా అవ్వ, నాన్నకు అమ్మ. అమ్మానాన్నలు తెల్లారకముందే ఉప్పుమళ్లలో పనికి పోతే నాకు సద్ది పెట్టి, తల దువ్వి, వీపు వాయగొట్టి పెంచింది ఆమే. దగ్గరకు తీసుకుంటే పొగాకూ పచ్చికరక్కాయా కలిసిన వాసన. కొంగు చివర ఒక పెద్ద ఇనప తాళంచెవి. మా ఇంటికి తాళమే లేదు. ఆ చెవి ఊరి వానతొట్టిది.

ఊరి నడుమ సావడి ఉండేది. పెంకుల కప్పు, నాలుగు పక్కలా గోడల్లేని పెద్ద కొట్టం. పంచాయతీలూ పెళ్లిభోజనాలూ ముసలివాళ్ల మధ్యాహ్నపు కునుకులూ అందులోనే. ఆ సావడి నేల కిందే వానతొట్టి. గానుగ సున్నంలో కరక్కాయ నీళ్లూ బెల్లమూ కలిపి, అద్దంలా మెరిసేదాకా లోపలి గోడలు రుద్దారట. గడపకొక మూర చొప్పున తవ్వారట. ఏ మూర ఎవరు తవ్విందో అవ్వ సావడి నేల మీద కాలిబొటనవేలితో గీసి చూపేది. "ఇది మీ తాత తవ్వింది. ఆడ వంకర ఉండాదే, అది ఎదురింటాయన తవ్వింది. తాగి తవ్వినాడు."

సావడి కప్పుమీద పడ్డ వానా, చుట్టుపక్కల ఇళ్ల కప్పులమీద పడ్డ వానా, రెండుగా చీల్చి తొలిచిన తాటిమాను దోనెల్లోంచి వచ్చి, గులకరాళ్లూ ఇసుకా బొగ్గూ పరిచిన గుంటలో వడగట్టుకుని తొట్టిలో పడేది. దీపావళి ముందూవెనకల పడే వానలే మాకు ఏడాది పొడుగునా తాగునీళ్లు. గడపకు రోజూ రెండు కడవలు. పెళ్లయినా రెండే, చావయినా రెండే. తొట్టిలో మేం పొలంగట్ల వెంట పట్టుకొచ్చిన చిన్నచిన్న చేపలుండేవి, దోమపిల్లల్ని తినడానికి.

ఎండాకాలం చివర, నీళ్లు అడుగంటినప్పుడు తొట్టి కడగాలి. దాని నోరు ఇరుకు, పెద్దవాళ్ల భుజాలు పట్టవు. పదేళ్ల లోపు మగపిల్లల్ని తాడుకట్టి దింపేవారు. నేను నాలుగేళ్లు దిగాను. ఆ లోపలి వాసన, తడిసున్నమూ తడిబొగ్గూ పాతవానా కలిసిన ఆ చల్లటి వాసన ఇప్పటికీ ఎప్పుడైనా నిద్రలో వస్తుంది. లోపల ఏ మాట అన్నా పదింతలై మోగేది. ఒకసారి నేను ఊరి పెద్దాయన్ని తలుచుకుని "బట్టతలా!" అని అరిచాను. సరిగ్గా నా నెత్తిన, సావడిలో తాంబూలం నములుతూ ఆయనే కూర్చున్నాడని నాకేం తెలుసు? నేలలోంచి మాట వచ్చేసరికి లేచి నిలబడ్డాడట. నన్ను పైకి లాగినప్పుడు తాడుకొస ఆయన చేతిలోనే ఉంది. "భూదేవి నన్ను బట్టతలా అనిందిరా. ఆమె గొంతు అచ్చం నీ మాదిరే ఉండాది," అన్నాడు. కొట్టలేదు. చెవి మాత్రం మూడురోజులు ఎర్రగా ఉంది.

తొలివానను మేం తొట్టిలోకి రానిచ్చేవాళ్లం కాదు. అది మైలవాన. ఏడాది దుమ్మూ కాకిరెట్టలూ ఎండుటాకులూ కడుక్కుని పోయే వాన. దోనెల నోళ్లు పక్కకు తిప్పి దాన్ని వీధిపాలు చేసేవారు. పిల్లలమంతా దాని కింద గంతులు వేసేవాళ్లం. రెండో వానకు అవ్వ సావడి అరుగెక్కి "తిప్పండిరా!" అని ఒక్క కేక పెట్టేది. దోనెలన్నీ ఒక్కసారి తొట్టివైపు తిరిగేవి.

మర్నాడు పప్పు.

అవ్వ తాళం తీసి తొలికడవ తోడేది. కడవలో చిల్లగింజ అరగదీసి తేరనిచ్చేది. సావడి ముందు మూడురాళ్ల పొయ్యి పెట్టి, ఆ నీళ్లతో కందిపప్పు ఎసట్లో వేసేది. ఊరంతా చుట్టూ గొంతుక్కూర్చునేది. పప్పు ఉడికేదాకా ఆ నీళ్లు ఎవరూ చుక్క ముట్టకూడదు. పసిపిల్ల ఏడ్చినా సరే. పొంగు దిగాక అవ్వ గరిటె చివర ఒక గింజ తీసి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నలిపేది. అది వెన్నలా నలిగితే వేళ్లు పైకెత్తి చూపి "తాగండిరా" అనేది. అప్పుడే నీళ్లు నీళ్లయ్యేవి. పిల్లలకు తాటాకు దొన్నెల్లో తలా ఒక గరిటె పప్పు. ఉప్పు వెయ్యలేదేమని అడిగితే, "ఊరి గాలిలో ఉండేది చాలదా?" అనేది.

ఆ పప్పు మీద ఆశతోనే ఒక ఏడు నేనూ ఇంకో ఇద్దరూ కలిసి దొంగతనంగా మైలవానకే దోనె తిప్పేశాం. ఒక్క రోజు ముందు పప్పు తినొచ్చని. కాకిరెట్టలూ, చచ్చిన ఉడతా, ఏడాది మురికీ తొట్టిలో పడ్డాయి. ఊరంతా కూడి దాన్ని తోడి పారబోసింది. అవ్వ నన్ను కొట్టలేదు. దీపావళినుంచి నెలరోజులు నా ఒక్కడికి బావినీళ్లు పోసింది. ఎదురుగా అందరూ వాననీళ్లు తాగుతుంటే నేను ఆ ఉప్పు మింగేవాణ్ణి. "నీళ్లకు చేసిన తప్పు నీళ్లతోనే పోవాల," అనేది. తరవాత నేను చేసిన తప్పు ముందు అది ఏపాటిది?

అవ్వకు ఇద్దరు కొడుకులు. మా నాన్న పెద్దవాడు. చిన్నాయన చూలైలో ఇనపసామాన్లు చేసే పట్టడలో పనిచేసేవాడు. ఊరినుంచి పట్నం పోయి నిలదొక్కుకున్న మొదటివాడు. నెలకోసారి వచ్చేవాడు. తలకు సువాసన నూనె, చేతిలో పురసవాక్కం హల్వా పొట్లం. ఆ పొట్లం కాగితం నెయ్యి వాసన పోయేదాకా నాకేవాణ్ణి. నాకు అరవ అక్షరాలు నేర్పింది ఆయనే, సావడి స్తంభం మీద బొగ్గుముక్కతో. ఊళ్లో అరవం చదవగలిగింది ఆయన తరవాత నేనే. "నిన్ను పట్నంలో బళ్లో ఏస్తారా అబ్బోడా. నువ్వు ఈ ఉప్పులో ఉండాల్సినోడివి కాదు," అనేవాడు. ఆయనంటే నాకు ప్రాణం. దాచేదేముంది, అవ్వకంటే ఎక్కువ.

ఒక ఎండాకాలం ఆయన కాగితంతో వచ్చాడు. సావడిలో ఊరంతా కూడింది.

"మన ఊరికి కొళాయి వస్తాది పెద్దాయనా. తిప్పితే నీళ్లు. రెండు కడవలు లేదు, మూడు కడవలు లేదు. ఎన్ని కావాలంటే అన్ని."

ఆడవాళ్లలో గుసగుస పుట్టింది. మా పక్కింటి కొత్తకోడలు "తలకు పోసుకోవచ్చా అన్నా?" అని అడిగింది.

"నలుగు పెట్టుకొని పోసుకోమ్మా!"

వేలిముద్రలు వెయ్యడానికి ముందు కాగితంలో ఏముందో వినాలన్నాడు పెద్దాయన. "మావోడు చదవతాడు," అని చిన్నాయన నన్ను పిలిచి పక్కన కూచోబెట్టుకున్నాడు. నా ఛాతీ రెండింతలయింది. కాగితాన్ని నా ముందు పట్టుకున్నాడు. ఆయన బొటనవేలు కాగితం నడుమ ఉంది. పైనుంచి ఒక్కో అక్షరమూ కూడబలుక్కుని అరవం చదువుతుంటే ఆయన తెలుగులో చెప్పాడు. ఈ ఊళ్లో తాగే నీటికి వేరే వసతి ఏదీ లేదు, కాబట్టి కొళాయి ఇప్పించమని మనవి. వేలు దగ్గరికి వచ్చాను.

"చాల్లేరా, ఆయాసపడతాండావు. కిందుండేది సుమ్మా చిరునామాలు," అని నా వీపు తట్టాడు.

నేను ఆగిపోయాను. ఊరంతా నన్నే మెచ్చుకోలుగా చూస్తోంది. ఎందుకు ఆగను?

గొడవ ఆ పై ముక్క దగ్గరే వచ్చింది. "వసతి లేదా? ఏందిరా నువ్వు చెప్పేది, నువ్వు కూచోనుండేదే దానిమీద!" అన్నాడు పెద్దాయన.

"ఉండాదని రాస్తే ఇయ్యరు పెద్దాయనా. లేని ఊళ్లకే ఇస్తారు. చూసేదానికి వచ్చిన పొద్దు తొట్టి మూతమీద ఇంత గడ్డి ఏసి పెట్టండి, సరిపోతాది."

"అబద్ధానికి వేలిముద్రా? ఇచ్చినోణ్ణి పట్టుకోని నువ్వియ్యలేదని రాసిస్తే, రేపు దీపావళికి ఏ మొగం పెట్టుకోని ఆకాశం చూస్తాంరా?"

ముసలివాళ్లంతా తలూపారు. మా ఊళ్లో దాహంకంటే అబద్ధానికే ఎక్కువ భయపడేవాళ్లు. చిన్నాయన కాసేపు కాగితం చూశాడు. తరవాత తలెత్తి మెల్లగా అన్నాడు.

"అట్లయితే లేకుండా చేసేయండి. అప్పుడు అబద్ధం కాదు గదా. కొళాయి వచ్చినాక దీంతో పనేముంది?"

"కొళాయి రానీరా. వచ్చినాక దాని పప్పు ఉడికినాక మాట్లాడుదాం. తొట్టి నీకేం అడ్డమొచ్చింది?" అంది అవ్వ.

"నీకు తెలీదు, ఊరుకోమ్మా. ఇప్పుడు పోతే మళ్లా పదేళ్లకు గానీ రాదు."

ఆ ఊరుకోమ్మాతో ఆమె మాట అయిపోయింది. కడవలు మోసి మెడలు వంగిన ఆడవాళ్లు కొళాయి వైపు. అబద్ధానికి భయపడే ముసలివాళ్లూ చివరికి కొళాయి వైపే. లేదని రాయాలంటే లేకుండానే ఉండాలని పెద్దాయన తీర్పు చెప్పాడు. నిజాయితీ ఇంత తప్పు చెయ్యగలదని ఆ రోజు చూసినవాణ్ణి, మరెక్కడా చూడలేదు. అవ్వ కొంగు ముడి విప్పి తాళంచెవిని ఎవరి చేతికీ ఇవ్వలేదు. నేలమీద పెట్టి వెళ్లిపోయింది.

తొట్టిలో దిగగల భుజాలు, గడ్డపార ఎత్తగల చేతులు రెండూ ఉన్నది నాకే.

"బలంగా ఒక్క పోటు పొడువురా. అడుగు పగిలితే చాలు, కిందంతా ఇసుకే," అన్నాడు చిన్నాయన పైనుంచి. "వచ్చే నెల నువ్వు బళ్లో ఉంటావు."

పొట్టి గడ్డపార పట్టుకుని దిగాను. పిక్కలదాకా నీళ్లున్నాయి. చేపలు కాళ్లకు తగులుతున్నాయి. మొదటి పోటుకు సున్నం గంటలా మోగింది, పగల్లేదు. మా తాత తవ్విన మూర మీద నిలబడి ఉన్నానని తెలుసు. ఆరో పోటుకో ఏడో పోటుకో పెళ్ల లేచింది. ఒక్క క్షణం ఏం జరగలేదు. తరవాత నీళ్లు గుటక వేసినట్టు ఒక చప్పుడయింది. నా కాళ్లచుట్టూ సుడి తిరిగి, నీళ్లు నన్ను వదిలి పోవడం మొదలుపెట్టాయి. చేపల్ని చెంబులో ఎత్తి పైకి తెచ్చి బావిలో వదిలాను. పొద్దునకు వెల్లకిలా తేలి ఉన్నాయి.

తొట్టి అడుగున తడి ఆరకముందే ఊరంతా వేలిముద్రలు వేసింది.

చూడవలసిన అధికారి జీపులో వచ్చాడు. రోడ్డుపక్క మంచం వేస్తే కూర్చున్నాడు. రెండు కొబ్బరిబోండాలు తాగాడు. వేరే వసతి ఏదైనా ఉందా అని అడిగాడు. లేదు సార్ అన్నాడు చిన్నాయన. ఆయన రాసుకున్నాడు. పెద్దాయన సావడిలో తొట్టి మూత ఎత్తి పట్టుకుని, "రండయ్యా, వచ్చి చూడండి, అబద్ధం లేదు, పగలగొట్టేసినాం," అని పిలుస్తూ నిలబడ్డాడు. అధికారి అక్కణ్ణుంచే చెయ్యి ఊపి జీపెక్కాడు. సావడివైపు తల తిప్పనైనా లేదు. ఆ మూత పట్టుకున్న ముసలాయన మొహం నేను మర్చిపోను. మర్చిపోవడం నా చేతిలో ఉన్నా మర్చిపోను.

గొట్టాలవాళ్లు మూడో బావి చుట్టూ తడకలు కట్టుకుని నెలరోజులు పని చేశారు, ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. దీపావళికి వారం ముందు కొళాయి వచ్చింది. మామిడాకులు కట్టారు. అధికారి తిప్పాడు. గలగలా నీళ్లు. పిల్లలం కేకలు పెట్టాం. ఆయన మాత్రం తాగింది సోడా. ఊళ్లోవాళ్లెవరూ ఆ నీళ్లు నోట పెట్టలేదు. పప్పు ఉడకలేదు కదా మరి, కొత్తనీళ్లు కదా. అవ్వ వచ్చి కడవ పట్టింది. మూడురాళ్లు పెట్టింది. పప్పు వేసింది.

అధికారి వెళ్లిపోయాడు. పుల్లలు రెండోసారి తెచ్చారు. మూడోసారి తెచ్చారు. మామిడాకులు ఎండకు ముడుచుకున్నాయి.

"చాల్లేమ్మా, ఎప్పుడో ఉడికుంటాది," అన్నాడు చిన్నాయన.

అవ్వ గింజ తీసింది. వేళ్ల నడుమ పెట్టి నలిపింది. మళ్లీ నలిపింది. వేళ్లు ఎత్తి చూపలేదు. తాటాకు దొన్నెలో ఒక గరిటె వేసి చిన్నాయన ముందు పెట్టింది.

"తిను నాయనా. నీ కొళాయి పప్పు."

ఊరంతా చూస్తుండగా ఆయన నోట్లో వేసుకున్నాడు. పళ్లకింద కటుక్కుమన్న చప్పుడు నాకు వినపడింది. మింగలేడు, ఉమ్మలేడు.

"నమల్రా. మన మూడో బావి పప్పు ఇది. నలబై ఏళ్లు వండినాను, నాకు తెలీదా? బావిలో మోటారు పెట్టి, గొట్టం ఏసి, మా ఉప్పు మాకే పోసినావు."

"రేపో మాపో మంచినీళ్లు కలుపుతారమ్మా..." తల ఎత్తలేదు ఆయన.

మంచినీళ్లు వచ్చాయి. మాకు కాదు. ఊరికి తూర్పున సరుగుడు తోపు కింద ఇసుకదిబ్బ ఉండేది, ఊరుమ్మడి నేల. దాని కడుపులో తీపినీళ్లున్నాయని మా ఊళ్లో ఎవరికీ తెలీదు. బోరు వేశారు. లారీలొచ్చాయి. రోజూ నింపుకుని పట్నం పోతున్నాయి. ఎవర్నడిగి తీస్తున్నారని పెద్దాయన అడ్డం పడితే వాళ్లొక కాగితం చూపారు. మా వేలిముద్రలే. నన్ను పిలిచారు. ఈసారి కాగితం మీద ఎవరి వేలూ లేదు. నడుమనుంచి కిందిదాకా చదివాను. తూర్పు దిబ్బలో నీళ్లు తీసుకోవడానికి ఊరివారందరికీ సమ్మతమే అని ఉంది. చిరునామాలు లేవు.

పెద్దాయన నా తలమీద చెయ్యి వేసి, తీసేశాడు. ఆ రోజు నా చెవి మెలిపెట్టి ఉంటే ఇన్నేళ్లు ఇంత నొప్పి ఉండేది కాదు.

ఆ ఏడు వాన ఎప్పటికంటే బాగా పడింది. మైలవాన పోయింది, రెండో వానా పోయింది. అవ్వ అరుగెక్కి నిలబడింది. "తిప్పండిరా" అనలేదు. దోనెలు వీధిలోకే పోశాయి. సంక్రాంతి తిరిగేసరికి పొయ్యిలు ఒకటొకటే ఆరిపోవడం మొదలైంది. నీళ్లెక్కడుంటే అక్కడికి పోయారు జనం. అమ్మానాన్న వేరే ఉప్పుమళ్లు వెతుక్కున్నారు. చిన్నాయన నన్ను పట్నం తీసుకొచ్చాడు. బళ్లో వెయ్యలేదు. చూలైలో తను వదిలిన పట్టడలో తన చోట నన్ను పెట్టి, తను లారీల దగ్గర మేస్త్రీగా చేరాడు. అది కూడా ఆ కాగితంతో కుదుర్చుకున్నదేనని తరవాతెప్పుడో తాగినప్పుడు ఆయనే చెప్పాడు. ఏడ్చాడు కూడా. నేను ఏడవలేదు.

తెలుగు చదవడం, రాయడం నాకు నేనే నేర్చుకున్నాను. బస్తాల మీది అక్షరాలు, పొట్లాలు కట్టిన పేపర్లు, సందుచివర టీకొట్టులో చదివి పారేసిన పత్రికలు నా బడి. అప్పట్నుంచి ఏ కాగితాన్నయినా చివరి అక్షరందాకా చదువుతాను. మందుసీసా మీద చీటీతో సహా. మా ఇంట్లో నవ్వుతారు.

పట్టడ సందులోకి నీళ్లలారీ వచ్చేది. మొదటిరోజు ఆ నీళ్లతో మాకు పప్పు వండారు. గింజ తీసి నలిపాను. వెన్న. లారీని చూసినప్పుడే తెలుసు, అవి మా తూర్పు దిబ్బ నీళ్లని. నేను తిన్నాను. ఆకలి మీద ఉన్నాను, తిన్నాను. అవ్వను రమ్మని ఎన్నిసార్లు కబురు పెట్టినా రాలేదు. "ఆడ తాగాల్సింది ఈడ దొంగిలించిన నీళ్లే గదరా. ఈ ఉప్పు నాదన్నా నాది," అందట. ఆ ఉప్పు తాగుతూనే పోయింది.

మూడోరోజు సెక్రటరీ మళ్లీ వచ్చాడు. కాగితం తీసుకుని కళ్లజోడు తుడుచుకుని చివరిదాకా చదివాను. పై వసతి సక్రమంగా పనిచేయుచున్నది అని ఉంది.

"గడ్డపార ఉందా?" అన్నాను.

"ఏంది తాతా?"

"ఇది నిజమైతే పెడతాను. ఆ తొట్టి అడుగు పగలగొట్టు. నిజమవుతుంది."

అతను నా మొహం చూసి ఏమనుకున్నాడో, వాచ్‌మన్‌ను పంపాడు. పక్కన ఇల్లు కడుతున్న చోటునుంచి గడ్డపార వచ్చింది. మొదటి పోటు నేనే వేశాను. ఆ సిమెంటు అప్పడమంత మందం. రెండో పోటుకు పగిలింది. తక్కింది వాచ్‌మన్ చేశాడు. ఇటుకముక్కలు తీసి, కింద ఇసుక కనపడేదాకా తవ్వాడు. ఒక బకెట్ నీళ్లు తెప్పించి పోశాను. ఒక్క క్షణం నిలిచాయి. తరవాత గుటక వేసినట్టు అదే చప్పుడు. అదే. ఆ సిమెంటు అంచున కూర్చుండిపోయాను. వాచ్‌మన్ కంగారుపడి "తాతా, నీళ్లు తాగుతారా?" అన్నాడు.

సంతకం పెట్టాను, తెలుగులో. సెక్రటరీ ఫొటో కూడా తీసుకున్నాడు. ఒక పాత తప్పుకు ఇంత మట్టి కప్పానని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఈ వయసులో కూడా మోసపోవడానికి నాలో ఇంకా చోటుందని అప్పుడు తెలీదు.

నిన్న పెద్దవాన. గొడుగు వేసుకుని దిగాను, తొట్టి తాగడం చూద్దామని. నీళ్లు మూతలోంచి పొంగి వీధి కాలువలోకి పోతున్నాయి. మూత ఎత్తి చెయ్యి పెట్టాను. అడుగున నున్నగా, చేతికి జారుతూ, కొత్త సిమెంటు.

సెక్రటరీ మెట్లమీదే దొరికాడు.

"రెండో అంతస్తు వాళ్లు కంప్లైంట్ తాతా. కారు టైర్లకు మట్టి అంటుకుంటా ఉందంట. దోమలు కూడా వస్తాయంట. ఎందుకు గొడవ అని పూయించేసినాను."

"నా సంతకం?"

"అదెప్పుడో పైకి పోయింది గదా! పాస్ కూడా అయిపోయింది!" అన్నాడు సంతోషంగా. నేను కూడా సంతోషిస్తాననే అనుకున్నాడు పాపం.

మెట్లెక్కి ఇంట్లోకి వచ్చాను. వంటింట్లో కుక్కర్ కూత వేసింది.

"ఏం నీళ్లు పోశావమ్మా?" అని కోడల్ని అడిగాను.

"క్యాన్ అయిపోయింది మామా. పప్పుకేగా, కుక్కర్‌లో ఏ నీళ్లకైనా ఉడికిపోతాది గదా అని బోరునీళ్లే పోసేసినాను."

మా బోరు ఉప్పు. పళ్లు తోముకుంటే నోరంతా ఉప్పు కట్టుకుపోతుంది. కోడలు మూత తీసింది. గరిటె చివరినుంచి ఒక గింజ తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి నలిపాను.

వెన్నలా నలిగింది.